అడ్డం చెప్పనన్న మాట

ఆదోనిలో మా ఆఫీసు కిటికీ కిందే ఒక ఉగ్గాని బండి ఉంటుంది. పొద్దున నేను తలుపు తీసేసరికి నానబెట్టి పిండిన బొరుగులు, తాళింపులో వేగిన ఉల్లిపాయ, పైన చల్లిన పప్పుల పొడి, పక్కన నూనెలో పొంగుతున్న మిరపకాయ బజ్జీ, ఈ వాసనంతా నాకంటే ముందే గదిలో చేరి ఉంటుంది. మొన్న సోమవారం ఆ వాసనలో కూర్చునే, ఒక ఖైదీ పెరోలు అర్జీ మీద స్టేషన్ నుంచి వచ్చిన నివేదిక తెరిచాను. "సదరు ఖైదీ గ్రామమునకు వచ్చినచో శాంతిభద్రతలకు భంగము వాటిల్లును" అని ఉంది. ఊరి పేరొక్కటి మార్చి ఇదే వాక్యాన్ని నేను పన్నెండేళ్ళుగా చదువుతున్నాను. చదవగానే నా గొంతులోంచి విసుగ్గా "ఊఁ" అని ఒక మూలుగు వచ్చింది. అది నా మూలుగు కాదు, నారాయణప్ప సార్‌ది. ఆయన ఇదే కిటికీ దగ్గర నిలబడి, ఒక చేతిలో ఉగ్గాని పొట్లం, ఇంకో చేతిలో నివేదిక పట్టుకుని, సరిగ్గా ఇదే వాక్యం దగ్గర ఇలాగే మూలిగేవారు.

నారాయణప్ప సార్ బయట ఎవరికీ తెలిసిన మనిషి కాదు. నాకంటే ముందు ఈ కుర్చీలో కూర్చున్న ప్రొబేషన్ అధికారి, అంతే. శిక్ష పడి జైల్లో ఉన్న మనిషి, ఇంట్లో చావో జబ్బో పెళ్ళో వస్తే కొన్నాళ్ళు వెళ్ళి రావడానికి అర్జీ పెట్టుకోవచ్చు. దాన్ని పెరోలు అంటారు. ప్రత్యేకించి కారణమేమీ లేకున్నా, నడవడి బాగుందని ఇచ్చే చిన్న సెలవు ఫర్లో. "హంతకులకు సెలవులేంటి?" అని మా బంధువులే నన్ను అడుగుతుంటారు. ఎప్పటికైనా బయటికి రావలసిన మనిషి, తన ఇంటికే కొత్తవాడైపోయి రాకూడదని ఈ ఏర్పాటు. అర్జీ మీద పోలీసులు ఒక నివేదిక పంపుతారు, మేము ఒకటి పంపుతాం. ఆ రెండు కాగితాలు చూసి, ఆ ఊరు ఎన్నడూ చూడని మనుషులు పైన కూర్చుని అవుననో కాదనో నిర్ణయిస్తారు.

నేను ఎమ్మిగనూరులో మగ్గాలు నడిచే ఇంట్లో పుట్టాను. పరీక్ష రాసి జూనియర్ అసిస్టెంటుగా ఇక్కడికి వచ్చేనాటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. సార్ కూడా బదిలీ మీద ఈ ఆఫీసుకు వచ్చి అప్పటికి ఆరు నెలలే. చేరిన మొదటి వారంలోనే ఆయన ఒక ఫైలు నా ముందు పెట్టి, నివేదిక చిత్తు రాయమన్నారు. ఖైదీ పేరు ఈరన్న. కౌతాళం దాటి, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక పల్లె వాడు. కాలువ నీళ్ళ దగ్గర జరిగిన గొడవలో హనుమంతు అనే చిన్న రైతు చనిపోతే, ఆ కేసులో యావజ్జీవం పడి ఎనిమిదేళ్ళుగా జైల్లో ఉన్నాడు. తల్లికి బాగాలేదు, చూసి వస్తానని అర్జీ. అంతకు ముందు నాలుగుసార్లు పెట్టుకున్నాడు, నాలుగుసార్లూ కాదన్నారు. నేను చాలా తెలివిగా పాత ఫైలు తీసి, కిందటిసారి ఇక్కడ పనిచేసిన అధికారి రాసిన వాక్యాలే తేదీ మార్చి దించి, అరగంటలో సార్ బల్ల మీద పెట్టాను.

ఆయన చదివి, కళ్ళజోడు తీసి నా వైపు చూశారు. "ఈ ఊరు యాడుందో సూసినావామ్మా?"

"లేదు సార్."

"మరి ఆడ శాంతి భంగమైతాదని నీకెట్ల తెలిసె?"

"పోలీసు రిపోర్టులో ఉంది సార్."

"వాళ్ళకెట్ల తెలిసె?"

ఆయన కాగితాన్ని చింపలేదు, కోప్పడలేదు. మడిచి నా చేతికిచ్చి, "రేపు ఏడున్నర బస్సుకు రామ్మా. మజ్జిగ సీసా తెచ్చుకో, ఆడ ఎండ శానా ఉంటాది" అన్నారు.

ఆయనతో పని చెయ్యడం ఎంత విసుగో ఆ మరునాడే తెలిసింది. ఫోన్ చేస్తే పది నిమిషాల్లో తేలే సంగతికి ఆయన బస్సెక్కేవారు. బస్సు ఊళ్ళోకి పోతుంటే, ఒకటిన్నర కిలోమీటరు ముందే దిగిపోయేవారు. ఎందుకు సార్ అని అడిగితే, "ఆఫీసరు ఊరి నడుమ దిగినాడంటే ఊరంతా ఒకే మాట సెప్తాది. నడుసుకుంటా పోతే దారిలో నలుగురు నాలుగు మాటలు సెప్తారు" అనేవారు. నలుగురూ చెప్పారు కూడా, కానీ వానల గురించి, పత్తికి తగిలిన పురుగు గురించి, ఆగిపోయిన బస్సు గురించి. సార్ అన్నిటికీ నిలబడి తల ఊపారు. ఏప్రిల్ ఎండలో నా చెప్పు తెగింది. ఊళ్ళో అడుగుపెట్టేముందు ఆయన, "ముందు సచ్చిపోయినాయన ఇంటికి పోవాల. జైల్లో ఉండేవాని ఇల్లు తర్వాత. ఎప్పుడైనా అంతే, గుర్తుపెట్టుకో" అన్నారు. అప్పటికి నాకు ఏ ఇల్లయినా ఒకటే, నీడ ఉంటే చాలు.

హనుమంతు ఇంటికి తాళం వేసి ఉంది. మట్టి మిద్దె ఒక మూల కూలి, వాకిట్లో తుమ్మ మొలిచింది. పక్కింటి ఆవిడ బయటికొచ్చి, హనుమంతు భార్య గంగమ్మ ఊరు విడిచి ఏండ్లయిందని చెప్పింది. "మొగుడు పోయినంక రెండేండ్లు ఉండె. తర్వాత ఆదోనికి పాయె సామీ. పత్తి మిల్లులో పని సేస్తాదంట."

"హనుమంతు అన్న తిక్కయ్య ఉండాడు గదా, కేసు పెట్టినాయన. ఆయన్ని సూడాల" అన్నారు సార్.

"తిక్కయ్య సచ్చిపోయి మూడేండ్లు దాటె గదా."

సార్ సంచిలోంచి పోలీసు నివేదిక తీశారు. కిందటి నెల తేదీతో ఉన్న కాగితం. అందులో ఒక వరుస మీద వేలు పెట్టి నాకు చూపించారు. "ఫిర్యాదుదారు తిక్కయ్యను స్వయముగా విచారించగా తీవ్ర అభ్యంతరము తెలిపినాడు" అని ఉంది. నేను నవ్వబోయాను. సార్ నవ్వలేదు. "ఇట్లాంటి కాగితాలు సూసే నాలుగేండ్లుగా కాదంటాండారు" అని మాత్రం అన్నారు.

ఈరన్న తల్లి నాగమ్మ వీధి చివర ఒక గదిలో ఉండేది. గోడకు ఆనుకుని కూర్చుంది, మాట మాటకూ ఊపిరి అందుకుంటోంది. మేమెవరమో చెప్పగానే కొడుకు గురించి అడగలేదు, బసవరాజు గురించి అడిగింది. బసవరాజు అదే ఊళ్ళో పెద్ద రైతు కొడుకు. అదే కేసులో, ఈరన్నతో పాటే యావజ్జీవం పడినవాడు. "ఆయప్ప నెల కిందట వచ్చి పాయె సామీ. పోయినేడూ వచ్చె, ముందేడూ వచ్చె. మావోడు ఏమప్పా రాలేదంటే, నీ కొడుకు అర్జీ పెట్టలేదేమో అవ్వా అంటాడు. ఆయప్ప సేనికి నీళ్ళు కట్టేదానికే గదా నావోడు కూలికి పోయింది."

ఆఫీసుకు వచ్చాక సార్ తీర్పు ప్రతి తెప్పించి నాచేత చదివించారు. గడ్డపారతో కొట్టింది బసవరాజు. ఈరన్న పార పట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఇద్దరి ఉద్దేశమూ ఒకటేనని కోర్టు ఇద్దరికీ ఒకే శిక్ష వేసింది. అది సరైనదో కాదో నేను చెప్పలేను. అయితే శిక్ష వేసేటప్పుడు ఇద్దరినీ ఒకటిగా చూసిన ప్రభుత్వం, సెలవు ఇచ్చేటప్పుడు మాత్రం ఇద్దరు వేరు వేరు మనుషులని కనిపెట్టింది. బసవరాజుకు మోకాలి ఆపరేషన్, ఇంటి మరమ్మతు, చెల్లెలి పెళ్ళి, విత్తనాల పని, ఏటా ఏదో ఒక కారణం దొరికేది, ఏటా మంజూరయ్యేది. ఒకే ఊరు, ఒకే వీధి, ఒకే కేసు. కొట్టినవాడు వస్తే ఊరు ప్రశాంతంగా ఉంటుందట, నిలబడ్డవాడు వస్తే శాంతి భంగమవుతుందట. ఈ రెండు రకాల నివేదికలూ ఒకే స్టేషన్ నుంచి, ఒక్కోసారి ఒకే నెలలో, ఒకే సంతకంతో వెళ్ళాయి. పైన వాటిని పక్కపక్కన పెట్టి చూసిన వాళ్ళు లేరు.

సార్ నన్ను వెంటబెట్టుకుని స్టేషన్‌కు వెళ్ళారు. అక్కడి ఎస్సై ముప్పై దాటని మనిషి. మాకు కుర్చీలు వేయించి, టీ తెప్పించి, తిక్కయ్య సంగతి విని తల పట్టుకున్నాడు. తను వచ్చి నాలుగు నెలలేనని, రైటర్ పాత నివేదిక చూసి రాసుకొస్తే సంతకం పెట్టానని ఒప్పుకున్నాడు. "సార్, నిజం సెప్తా. వద్దని రాస్తే నన్ను ఎవరూ అడగరు. సరే అని రాసినాననుకో, వాడు పారిపోయినా, ఇంకొకణ్ణి కొట్టినా నా మెడకు సుట్టుకుంటాది."

"మరి బసవరాజుకు సరే అని రాసినారే."

ఎస్సై టీ గ్లాసు వైపు చూశాడు. "మీకు తెలియంది ఏముంది సార్. ఆయప్ప అర్జీ వచ్చేలోగానే ఫోన్లు వస్తాయి."

మళ్ళీ విచారించి రాస్తానని మాట ఇచ్చాడు, రాశాడు కూడా. బయటికి వచ్చి బస్టాపు దాకా నడిచాం. అక్కడ కూర్చున్నాక సార్, "మంచోడేనమ్మా. అదే నా బాధ. సెడ్డోడైతే కోప్పడి పోదుము" అన్నారు.

తిక్కయ్య మరణ ధ్రువపత్రం సంపాదించడానికి ఆ పల్లెకు మూడుసార్లు తిరిగాం. చచ్చిపోయిన మనిషి చచ్చిపోయాడని రుజువు చెయ్యడానికి మాకు నెల పట్టింది. దాన్ని జతచేసి పంపితే, నెలన్నర తర్వాత ఫైలు తిరిగొచ్చింది. ఫిర్యాదుదారు మరణించినందున మృతుని కుటుంబ సభ్యుల సమ్మతి తెలుపవలెను, అని ఒక్క వరుస. బసవరాజు ఫైళ్ళలో ఎక్కడా ఎవరి సమ్మతీ అడిగినట్టు లేదు. నేను అది ఎత్తి చూపిస్తే సార్ ఆ మూలుగే మూలిగి, "అడిగినారు గదా, అడుగుదాం పద. ఆయమ్మను అడగాల్సిందే" అన్నారు.

గంగమ్మ పనిచేసే జిన్నింగు మిల్లు ఆదోనిలోనే, మా ఆఫీసుకు రెండు కిలోమీటర్ల లోపే ఉంది. ఇన్నేళ్ళలో ఎవరూ ఆ రెండు కిలోమీటర్లు వెళ్ళలేదు. మధ్యాహ్నం అన్నం వేళ మిల్లు బయట గోడ నీడలో కలిశాం. ముక్కుకు కట్టుకున్న గుడ్డ గొంతు కిందికి లాక్కుని, జుట్టులో, కనుబొమల్లో పత్తి నూగుతోనే కూర్చుంది. సార్ చెప్పిందంతా విన్నది. క్యారియర్ మూత తియ్యలేదు.

"బసవరాజు వచ్చినప్పుడు నన్ను ఎవరూ అడగల్యా. ఒకసారి సంతలో ఎదురుపడె. వాడు నన్ను గుర్తు కూడా పట్టల్యా. ఇప్పుడు ఈరన్నకని అడిగేదానికి వచ్చినారా?"

"అప్పుడు అడగాల్సిందేనమ్మా. అడగల్యా. తప్పే" అన్నారు సార్.

ఆమె కనుబొమల మీది నూగు తుడుచుకుంది. "ఈరన్న కొట్టల్యా. నేను సూసినా. పార పట్టుకొని నిలబడినాడు. ఒక అడుగు ముందుకేసి ఆపింటే నా మొగుడు బతికుండు. ఆపల్యా. అది నేను మరిసేది కాదు."

"అయితే వద్దని రాసుకోమంటావామ్మా?"

"వద్దని యాడ అంటి? నేను ఆ ఊరికి కోడలిగా వచ్చిన పొద్దు నాగమ్మే నాకు తలకు పోసింది. ముసల్ది కొడుకును సూసుకోనీ. నేను అడ్డం సెప్పను. కానీ ఒప్పుకున్నానని రాయొద్దు. ఒప్పుకోల్యా నేను. అడ్డం సెప్పనంటిని, అంతే రాయి."

సార్ మోకాలి మీద కాగితం పెట్టుకుని ఆ మాటలే రాసి, చదివి వినిపించి, ఆమె వేలిముద్ర వేయించుకున్నారు. ఆఫీసుకు నడుస్తూ నేను అన్నాను, "సార్, సమ్మతి తెలిపినది అని రాస్తే ఈ ఫైలు వారంలో కదులుతుంది."

"ఆయమ్మ సమ్మతి అనలేదు గదమ్మా."

నేను భయపడినట్టే అయింది. మరో నెలకు ఫైలు మళ్ళీ తిరిగొచ్చింది. సమ్మతి స్పష్టముగా లేదు, స్పష్టపరచవలెను. ఆ రోజు నేను సార్‌తో గట్టిగానే మాట్లాడాను. ఒక్క పదం మారిస్తే చాలని, గంగమ్మకు తెలియదని, తెలిసినా ఆమెకు నష్టం లేదని, అవతల నాగమ్మకు ఊపిరి ఆడటం లేదని, మీ మడి మీకు ముఖ్యమా అని. మడి అన్న మాట నేను అనకుండా ఉండాల్సింది. సార్ కలం తీశారు. నిబంధనల్లో అడగమన్నది కుటుంబం అభిప్రాయమే తప్ప సమ్మతి కాదని, అడ్డు చెప్పనన్నది స్పష్టమైన అభిప్రాయమేనని, మూడు పేజీల జవాబు తన చేత్తో రాసి నా ముందు పెట్టారు. నేను పళ్ళు కొరుక్కుంటూ టైపు చేశాను.

ఆ జవాబు వెళ్ళిన ఇరవయ్యో రోజు నాగమ్మ చనిపోయింది. పక్కింటివాళ్ళు నాకే ఫోన్ చేశారు. అంత్యక్రియలకైనా కొడుకును పంపమని సార్ ఆ పూటంతా ఎవరెవరికో ఫోన్లు చేశారు. జైలు ఉన్నది వేరే జిల్లాలో. తోడు రావలసిన పోలీసులు దొరికి, వాహనం కుదిరేసరికి ఇక్కడ పని అయిపోయింది. ఆ తర్వాత పదకొండో రోజున ఆర్డరు వచ్చింది. తల్లి అనారోగ్యం నిమిత్తం ముప్పై రోజుల పెరోలు మంజూరు చేయడమైనది, అని.

ఆ కాగితం సార్ బల్ల మీద పెట్టి, "మీరు ఆ ఒక్క మాట మార్చి ఉంటే వాళ్ళమ్మను చూసేవాడు సార్" అన్నాను.

ఆయన ఆ కాగితం చదివి పక్కన పెట్టారు. "అవునమ్మా. సూసుండేవాడు."

సమర్థించుకుంటారని, నేను ఇంకా గట్టిగా వాదించాలని సిద్ధపడి వచ్చాను. ఆయన అవుననేశారు. నాలుగైదు రోజులు మేమిద్దరం పనికి అవసరమైన మాటలే మాట్లాడుకున్నాం. ఒక మధ్యాహ్నం ఆయనే, ఫైలులోంచి తల ఎత్తకుండా అన్నారు. "ఆయమ్మ మొగుణ్ణి సంపినారు. కేసు పెట్టింది వేరేవాళ్ళు. సాక్ష్యం సెప్పింది వేరేవాళ్ళు. ఎనిమిదేండ్లకు ఒక మాట అడిగినాం. ఆ మాట గూడా మనమే మార్చుకుంటే ఇంక ఆయమ్మకు ఏముంటాదమ్మా?" ఆయన అన్నది నిజమని ఆ రోజే తెలుసు. నాగమ్మ చూడకుండా పోయిందన్నదీ నిజమే. ఈ రెండింటినీ ఒకచోట సర్దడం నాకు ఈనాటికీ చేతకాలేదు.

ఈరన్న వచ్చాడు. నాగమ్మ తమ్ముడు జామీను నిలబడ్డాడు. వచ్చిన ఐదో రోజు, స్టేషన్లో సంతకం పెట్టి, బస్సెక్కి మా ఆఫీసుకు వచ్చాడు. నలభై దాటని మనిషికి తల పూర్తిగా నెరిసిపోయింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. సార్‌కు దండం పెట్టి, గంగమ్మ ఎక్కడుంటుందో చెప్పమని అడిగాడు.

"యెందుకప్పా?"

"ఒక మాట సెప్పాల సార్. ఆ పొద్దు ఆపల్యా నేను. ఆపొచ్చు. భయపడితి. కూలి పోతాదని భయపడితి. ఆ మాట ఆయమ్మకు సెప్పాల."

"నేను పోయి అడిగొస్తా. రమ్మంటే తీసకపోతా. వద్దంటే నువ్వు యెతకకూడదు."

సార్ ఆ ఎండలోనే మిల్లుకు నడిచి వెళ్ళారు. గంట సేపు ఈరన్న మా గదిలో నిలబడే ఉన్నాడు. ఏదో ఒకటి మాట్లాడాలని మా ఇంటి సంగతి చెప్పాను. జైల్లో తను మగ్గం నేర్చుకున్నానన్నాడు. "మీది గుంత మగ్గమేనామ్మా?" అని అడిగి, అవునంటే మొదటిసారి నా ముఖం వైపు చూశాడు. సార్ తిరిగొచ్చి, గంగమ్మ వద్దన్నదని చెప్పారు. ఈరన్న తల ఊపి, మళ్ళీ దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ముప్పై రోజుల సెలవులో అతను పద్దెనిమిది రోజులే ఉన్నాడు. తనంతట తానే జైలుకు తిరిగి వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు మా ఆఫీసుకు వచ్చి చెప్పి వెళ్ళాడు. ఇంట్లో ఎవరూ లేరని, వండుకుని ఒక్కడే తినలేకపోతున్నానని, అక్కడైతే మగ్గం ఉందని. జైలు పుస్తకంలో మాత్రం 'గడువుకు ముందే లొంగిపోయినాడు, నడవడి తృప్తికరము' అని రాశారు. ఆ ఒక్క వాక్యం చదివి నాకు వచ్చినంత చిరాకు ఏ తిరస్కరణ చదివినా రాలేదు.

ఆ తర్వాత సార్ ఒక పని చేశారు. బసవరాజు అర్జీలన్నీ, ఈరన్న అర్జీలన్నీ వరుసగా పెట్టి, ఒకే స్టేషన్ ఇద్దరి గురించి ఏం రాసిందో పక్కపక్కన చూపిస్తూ పెద్ద ఉత్తరం పైకి పంపారు. చనిపోయిన తిక్కయ్య అభ్యంతరం కూడా అందులో ఉంది. రెండు నెలలకు జవాబు వచ్చింది, ఆయనకే. పరిధి దాటి వ్యాఖ్యలు చేసినందుకు సంజాయిషీ ఇవ్వమని మెమో. ఆయన సంజాయిషీ ఇచ్చారు, దానిమీద ఇంకొకటి అడిగారు, అదీ ఇచ్చారు. పదవీ విరమణ రోజుకూ ఆ వ్యవహారం తేలలేదు. అయితే ఆ ఏడు బసవరాజు అర్జీ వచ్చినప్పుడు, మొదటిసారిగా, మృతుని కుటుంబం అభిప్రాయం తెలుపమని పైనుంచి అడిగారు. గంగమ్మ వద్దన్నది. ఆ మాట ఉన్నదున్నట్టు పంపాం. ఆ సారి బసవరాజును పంపలేదు. మరుసటి ఏడు మళ్ళీ పంపారు.

ఇంకా విడ్డూరం తర్వాత జరిగింది. యావజ్జీవం పడినవాళ్ళను నడవడి చూసి ముందే వదిలే ఏర్పాటు కింద, బసవరాజును ఈరన్న కంటే రెండేళ్ళు ముందు విడుదల చేశారు. ఏటా పెరోలు మీద వెళ్ళి వేళకు తిరిగొచ్చిన మనిషి, నమ్మదగినవాడని రికార్డులో కనబడుతోందట. ఒక్కసారి తప్ప పంపనివాడు ఏటా వేళకు తిరిగొస్తాడని రుజువు చేసుకునేదెట్లా? ఈ సంగతి చెప్పడానికి ఎమ్మిగనూరులో సార్ ఇంటికి వెళ్ళాను. విరమణ తర్వాత ఆయన మా ఊళ్ళోనే స్థిరపడ్డారు. అప్పటికే మంచం మీద ఉన్నారు. విని ఆ మూలుగే మూలిగి, "ఈరన్న విడుదల అర్జీ యాడ ఉందో కనుక్కోమ్మా" అన్నారు. కనుక్కున్నాను. ఒక సంతకం కోసం ఎదురుచూస్తూ ఒక అరలో ఉంది. ఈరన్న విడుదలై వచ్చేసరికి సార్ పోయి నాలుగు నెలలు. మా నాన్న మాట సాయంతో ఈరన్నకు మా వీధిలోనే ఒక ఇంట్లో మగ్గం దొరికింది. ఇప్పుడు అక్కడే నేస్తున్నాడు. నన్ను చూస్తే లేచి నిలబడతాడు. వద్దని ఎన్నిసార్లు చెప్పినా మానడు.

కిందటి నెల మా జిల్లాలోనే గూడూరు వైపు ఊరి ఖైదీ ఒకరి ఫైలు నా దగ్గరికొచ్చింది. తండ్రికి పక్షవాతం, మాట పడిపోయింది. ముందు చనిపోయినవారి ఇంటికి వెళ్ళాను, తర్వాత ఆ తండ్రిని చూశాను. చనిపోయినతని అన్న చెప్పింది తిన్నగా అవునూ కాదు, కాదూ కాదు. ఆయన నోట వచ్చినట్టే రాశాను, ఒక్క అక్షరం దిద్దలేదు. కాగితాన్ని మాత్రం ఈమెయిల్లో పంపి ఊరుకోలేదు. నేనే తీసుకుని పై ఆఫీసుకు వెళ్ళి, ఆ సెక్షన్ చూసే ఆయన బల్ల ముందు కూర్చున్నాను. మెయిల్ పంపితే సరిపోయేది కదా మేడమ్, ఇంత దూరం ఎందుకొచ్చారన్నాడు. ఆ వాక్యానికి అర్థం ఏమిటో మీకు అనుమానం వస్తుంది, వస్తే ఇక్కడే చెప్తానన్నాను. అనుమానం వచ్చింది. చెప్పాను. మళ్ళీ వచ్చింది. మళ్ళీ చెప్పాను. ఆయన భోజనానికి వెళ్ళి వచ్చేదాకా అదే కుర్చీలో ఉన్నాను. మరునాడూ వెళ్ళాను. మూడో రోజు నన్ను గుమ్మంలో చూడగానే ఆయన ఫైలు తీశాడు.

నారాయణప్ప సార్ అయితే అలా కూర్చునేవారు కాదు. పంపి, ఎదురుచూసి, తిరిగొస్తే ఇంకో మూడు పేజీలు రాసేవారు. మనుషుల మాట తీసుకునే పద్ధతి నాకు ఆయన దగ్గర పట్టుబడింది. ఆ ఓర్పు పట్టుబడలేదు, పట్టుబడాలని నేను కోరుకోనూ లేదు. ఆ వారం చివర గూడూరు నుంచి ఫోన్ వచ్చింది. కొడుకు ఇల్లు చేరాడట. తండ్రికి మాట రాదు కాబట్టి ఏమీ అనలేదట, అతని చెయ్యి పట్టుకుని వదలడం లేదట.